కొలతలు తెప్పించిన రాడ్లు

అక్క చేతి మీద బండి డిక్కీ తలుపు పడి ఇవాళ్టికి నలభై మూడు రోజులు. ఈ లెక్క నేను పెట్టుకున్నది కాదు, మా ఆవిడ పెట్టింది. పొద్దున్నే టీ గ్లాసు నా ముందు పెట్టి, రోజుకో అంకె చెప్పి వెళ్ళిపోతుంది. మిగతా మాటలు మానేసింది. నేను ఆ టీ తాగి కిందికి దిగుతాను. మా ఇల్లు పైన, షెడ్డు కింద, మధ్యలో పద్నాలుగు మెట్లు.

మా షెడ్డుకి వచ్చేవి మామూలు కార్లు కావు. కొండలెక్కేవి, వాగులు దాటేవి, బురదలో చక్రాల దాకా దిగబడి వచ్చేవి. నేనూ, మాతోనే పై ఇంట్లో ఉండే మా బావమరిదీ కలిసి పదకొండేళ్ళుగా వాటితో కుస్తీ పడుతున్నాం. అతన్ని ఈ చుట్టుపక్కల అందరూ ‘కొలతలు’ అంటారు. ఆ పేరు పెట్టింది నేనే. కొలవనిదే మనిషి దేన్నీ ముట్టుకోడు. టీలో చక్కెర వేసుకున్నా చెంచా మీద వేలితో ఒక గీత గీసి, ఎక్కువైంది డబ్బాలో పోస్తాడు. ముప్ఫై నాలుగేళ్ళు వచ్చినా నోట్లో నాలుక లేదు. నాకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది. మీ ఇద్దరికీ ఎలా కుదిరిందయ్యా అని ఎవరైనా అడిగితే, అరిచేది ఒక్కడే కాబట్టి అని జోకు వేసేవాణ్ణి. ఇప్పుడు అది తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అక్క పశువుల డాక్టరు. నాకన్నా ఎనిమిదేళ్ళు పెద్ద. రోడ్డు ఆగిపోయిన చోట ఆమె పని మొదలవుతుంది. కడుపులో అడ్డం తిరిగిన దూడని భుజం దాకా చెయ్యి పెట్టి సరిచేసి బయటికి లాగుతుంది. చిన్నప్పుడు నాకు జడుపు జ్వరం వస్తే రాత్రంతా నుదుటి మీద పెట్టింది కూడా ఆ కుడిచెయ్యే.

ఆమె బండికి డిక్కీ తలుపు పైకి లేస్తుంది. ఆ తలుపుకి బయట వైపు నిచ్చెన, ఒక నీళ్ళ క్యాను బిగించాం. లోపలి వైపు మందులు పెట్టుకోవడానికి ఇనుప మడతబల్ల నేనే వెల్డింగ్ చేసి పెట్టాను. ఇంత బరువు మోపాక కంపెనీ వాళ్ళు ఇచ్చిన గ్యాస్ రాడ్లు ఎక్కడ ఆగుతాయి? గ్యాస్ రాడ్లంటే తలుపుకి చెరో పక్కా ఉండే సన్నటి గొట్టాలు. లోపల గ్యాసు కూరి ఉంటుంది. అది ఒక నున్నటి కడ్డీని బయటికి నెడుతూ తలుపుని పైకి ఎత్తిపట్టుకుంటుంది. రాడ్లు నీరసించాయంటే తలుపు దానంతటదే దిగుతుంది. అక్క రెండు నెలలు నెత్తితో తలుపు ఆపుకుంటూ పని చేసి, ఓ రోజు షెడ్డుకి వచ్చి, “ఒరేయ్, నా జుట్టు ఊడిపోయేలోగా దీనికేదో ఒకటి చెయ్యండిరా” అంది.

కొలతలు పైకి వెళ్ళి బరువు చూసుకునే మిషను తెచ్చాడు. మా ఆవిడ నెలకోసారి ఎక్కి, దిగి, ఇది తప్పు చూపిస్తోందని తిట్టేది ఆ మిషన్నే. తలుపు అంచు కింద ఒక కర్ర నిలబెట్టి, కర్ర కింద మిషను పెట్టి తూచాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. క్యాను ఖాళీగా ఒకసారి, నిండుగా ఒకసారి, బల్ల మీద మందులతో ఒకసారి. కాగితం మీద ఏవేవో గీసి, ఎంత జోరున్న రాడ్లు కావాలో తేల్చి తెప్పించాడు. బిగించింది నేను. బిగించాక అక్క ఒక్క వేలితో తలుపు ఎత్తి చూసి, “పెళ్ళికూతురిలా లేస్తోందిరా” అంటూ నవ్వింది.

నాలుగు నెలలు బాగానే లేచింది. తర్వాత ఓ చలి పొద్దున, ఎక్కడో కొండ పక్కన గొర్రెల దొడ్డి దగ్గర, అక్క డిక్కీలోంచి మందు సీసా తీస్తుంటే తలుపు దభాలున పడింది. మణికట్టు తలుపు అంచుకీ బంపరుకీ మధ్య ఇరుక్కుంది. ఆ గొర్రెల ఆసామి ట్రాక్టరు మీద ఆస్పత్రికి తీసుకొచ్చాడు. నేనూ, మా ఆవిడా, కొలతలూ ఉరుకులు పరుగుల మీద వెళ్ళాం.

ఎముకలు రెండు చోట్ల విరిగాయన్నారు. లోపల స్టీలు పట్టీ వేసి బిగించాలన్నారు. వేళ్ళు మునుపటిలా ముడుచుకుంటాయా అని అడిగితే డాక్టరు, చూద్దాం అన్నాడు. అక్క మంచం మీద పడుకుని నా వైపు చూసి, “అదేంట్రా, కొత్తవేగా వేశావు?” అంది. నన్ను నిలదీయాలని కాదు, నిజంగానే అర్థంకాక అడిగింది. పక్కనే కొలతలు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు.

“వీణ్ణడుగు. రాడ్లు తెప్పించింది వీడు. లెక్కలు వేసింది వీడు. ఏ చెత్త కంపెనీవో తెచ్చి నా చేతిలో పెట్టాడు” అన్నాను.

వార్డులో పదిమంది ఉన్నారు. అందరూ తిరిగి చూశారు. కొలతలు మొహం పాలిపోయింది. “వదినా, నేను సరిగ్గానే...” అని ఏదో అనబోయి ఆగాడు. అక్క కళ్ళు మూసుకుంది.

మర్నాడు అతను, “బావా, ఆ రాడ్లు ఒకసారి విప్పి చూస్తాను, ఏమయ్యిందో తెలియాలి కదా” అన్నాడు. “ఆ బండి మీద చెయ్యి వేశావంటే చెయ్యి విరిచేస్తాను” అన్నాను. అన్నాక, ఏం మాట అన్నానో నాకే వినపడింది. అయినా వెనక్కి తీసుకోలేదు. కొండ దగ్గర్నుంచి తెప్పించిన ఆ బండిని షెడ్డు మూలకి నెట్టి పైన టార్పాలిన్ కప్పేశాను. దాని వైపు చూడబుద్ధి కాలేదు. నేను చూడలేదు, అతన్ని చూడనివ్వలేదు.

ఆ తర్వాత కొలతలు పనిలోకి రావడం తగ్గించాడు. వచ్చినా రెంచీ పట్టుకుని, పట్టుకున్నచోటే పెట్టేసేవాడు. బోల్టు బిగించి, విప్పి, మళ్ళీ బిగించేవాడు. “ఇప్పుడు భయమేసి ఏం లాభం?” అని నేను ఇంకో పోటు పొడిచాను. నెల తిరిగేసరికి రంగుల గోడౌనులో ఉద్యోగం చూసుకున్నాడు. సోమవారం చేరాలట, ఉండేది కూడా అక్కడేనట. ఆ సంగతి మా ఆవిడ చెప్పింది. అంకెలు కాక ఆమె నాతో చెప్పిన మాట అదొక్కటే.

“వాడు ఇంక జన్మలో బండి ముట్టుకోనన్నాడు. మీకు తృప్తిగా ఉందా?” అంది.

“అక్క చెయ్యి పోతే నాకు తృప్తేమిటి?” అన్నాను.

“చెయ్యి ఆవిడది పోయింది. మా తమ్ముడిది మీరు తీసేశారు” అని లోపలికి వెళ్ళింది.

ముప్ఫై తొమ్మిదో రోజున అక్క ఫోను చేసింది. ఎడమచేత్తో నడపడం నేర్చుకుంటున్నాననీ, బండి బాగుచేసి ఉంచమనీ చెప్పింది. అప్పుడిక తప్పక టార్పాలిన్ తీశాను. తలుపు ఎత్తి కర్ర ఊతం పెట్టి కుడి పక్క రాడ్డు విప్పాను. గట్టిగా ఉంది. రెండు చేతులతో నొక్కినా దిగలేదు. ఎడమ పక్కది విప్పాను. ఒక్క బొటనవేలితో నొక్కితే లోపలికి పోయింది, మళ్ళీ బయటికి రాలేదు. గొట్టం మూతి దగ్గర సన్నగా నూనె తడి. చెత్త కంపెనీ అని నేనన్నది నిజమేననుకుని ఒక్క క్షణం సంబరపడ్డాను కూడా. కడ్డీని బయటికి లాగి గుడ్డతో తుడిచి వెలుతురులో పెట్టి చూశాను.

కడ్డీ మీద, గొట్టానికి నాలుగు వేళ్ళ దూరంలో, అడ్డంగా గాట్లున్నాయి. వరసగా ఆరు. అటు తిప్పితే ఎదురుగా ఇంకో ఆరు. కరిచిందంటే చేత్తో విప్పేదాకా వదలని లాక్ ప్లయరు పళ్ళు. నాది. మధ్య పన్ను విరిగిన ప్లయరు ఈ షెడ్డులో నాదొక్కటే, ఆ ఆరింటి మధ్యలో ఒక పన్ను ఖాళీ కనిపిస్తూనే ఉంది.

ఇది మా పనిలో ఒక అలవాటు. చచ్చిపోయిన గ్యాస్ రాడ్లతో బండి వస్తుంది. తలుపు నిలవదు. పని చేస్తున్నంతసేపూ ఎవరు పట్టుకు కూర్చుంటారు? కడ్డీకి లాక్ ప్లయరు కరిపిస్తాం. కడ్డీ గొట్టంలోకి పోలేక తలుపు ఆగుతుంది. ఎలాగూ పారేసే రాడ్డే కాబట్టి గాట్లు పడితే పడనీ. కొత్తదానికి మాత్రం చచ్చినా కరిపించకూడదు. కడ్డీ నున్నగా ఉంటేనే మూతి దగ్గర రబ్బరు గ్యాసుని ఆపుతుంది. గాటు పడ్డ కడ్డీ ప్రతిసారీ ఆ రబ్బరుని గీరుతూ లోపలికీ బయటికీ తిరుగుతుంది. వెంటనే ఏం కాదు. నెలలు పడుతుంది. కొంచెం కొంచెంగా గ్యాసు పోయి, ఓ చలి రోజున ఉన్న కాస్త జోరూ చాలక తలుపు పడిపోతుంది. ఇదంతా నాకు తెలుసు. పాతికేళ్ళుగా తెలుసు.

అక్క బండికి రాడ్లు బిగించిన రోజు ఎడమ పక్క కొత్తది వేసి, కుడి పక్క పాతది విప్పబోతున్నాను. ఒక్క రాడ్డు మీద తలుపు ఊగింది. కొలతలు ఇలాంటప్పటి కోసమే ఒక కర్ర సరిగ్గా కోసి, చివర గుడ్డ చుట్టి ఉంచాడు. అది షెడ్డు ఆ చివర ఉంది. దానికోసం అంత దూరం పోవాలా అనుకున్నాను. ప్లయరు జేబులోనే ఉంది. తీసి, చేతికి దగ్గరగా ఉన్న కడ్డీకి కరిపించాను. అది కొత్తదని నా కళ్ళు చూశాయి, చెయ్యి మాత్రం దాని అలవాటు అది చేసేసింది. ఈ సంగతి ఆ గాట్లు చూసేదాకా నాకు గుర్తే లేదు. ఇంకెవరికీ తెలిసే దారీ లేదు.

కొత్త జత వేశాను. ఈసారి కర్ర పెట్టే వేశాను. గాట్లు పడ్డ రాడ్డుని గుడ్డలో చుట్టి నా సామాన్ల పెట్టెలో అడుగున పెట్టాను. చెప్పాలనే అనుకున్నాను. అన్నం దగ్గర చెబుదామనుకుని నీళ్ళు తాగి లేచాను. మెట్ల మీద కొలతలు ఎదురొస్తే గోడ వైపు ఒదిగి దారిచ్చాను. ఎవరికీ తెలియనిది నాకు మాత్రం తెలిస్తే ఏం పుట్టి మునిగింది, ఎలాగూ ఉద్యోగం దొరికింది కదా, గోడౌనులో నీడపట్టున ఉంటాడు కదా అని కూడా అనుకున్నాను. అనుకున్నది చెబుతున్నాను, దాచి ఏం చేసుకోను. అలా నాలుగు రోజులు గడిచాయి. నలభై మూడో రోజు ఆదివారం. తెల్లారితే అతను వెళ్ళిపోతాడు. గుడ్డ మూట తీసుకుని అక్క ఇంటికి వెళ్ళాను.

అక్క వంటింట్లో కూర్చుని గిన్నెడు బియ్యంలో కుడిచెయ్యి పెట్టి పిడికిలి బిగించడానికి ప్రయత్నిస్తోంది. రోజుకు మూడుసార్లు అలా చెయ్యమన్నారట. చూపుడువేలూ బొటనవేలూ కలుస్తున్నాయి. మిగతా మూడూ సగంలో ఆగిపోతున్నాయి. బియ్యం వాటి సందుల్లోంచి జారిపోతోంది. నేను బల్ల మీద రాడ్డు పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాను. మధ్యలో ఆపకుండా చెప్పాను, ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని భయం.

ఆమె ఎడమచేత్తో రాడ్డు తీసుకుని గాట్ల మీద గోరుతో గీసి చూసింది. నేను తల వంచుకుని కూర్చున్నాను. కొడితే బాగుండుననిపించింది.

“ఆ అబ్బాయికి చెప్పావా?” అంది.

“లేదక్కా. ముందు నీకు చెబుదామని...”

“నాకెందుకు ముందు?”

బల్ల మీద పడ్డ బియ్యం గింజలు ఏరి గిన్నెలో వేశాను.

“నా దగ్గరైతే తేలిగ్గా పోతుందని వచ్చావు. అక్క కదా, పోనీలేరా అంటుందని. అంటాను కూడా. నా చెయ్యి నువ్వు కావాలని విరగ్గొట్టలేదు.” గిన్నెలో బియ్యం సర్దుతూ ఆగింది. “వార్డులో అంతమంది ముందు ఆ అబ్బాయి పేరు చెప్పావు చూడు, అది మాత్రం కావాలనే చెప్పావు. అప్పటికి నీకేమీ తెలీదు. తెలియకుండానే చెప్పావు. ఇప్పుడు తెలిసి కూడా నాలుగు రోజులు ఊరుకున్నావు.”

“తప్పయిపోయిందక్కా.”

“నాతో అంటావేంటి. లే. ఇక్కడ కూర్చుంటే నీకు హాయిగా ఉంటుంది, అందుకే లేవమంటున్నాను.”

నాకు ఏడుపొచ్చింది. ఆమె చూడనట్టే మళ్ళీ బియ్యంలో చెయ్యి పెట్టుకుంది.

ఇంటికొచ్చి చూస్తే కొలతలు గదిలో లేడు. సర్దిన పెట్టె మంచం మీద ఉంది. మా ఆవిడ బట్టలు మడతపెడుతోంది. ఎక్కడికెళ్ళాడని అడిగితే, “మన షెడ్డుకి బండి తెచ్చే ఆ సర్వేయరు ఇంటికట. రోజూ ఎవరో ఒకరింటికి పోతూనే ఉన్నాడు, మీకేం పట్టింది గనక” అంది.

సర్వేయరు ఇల్లు మూడు వీధుల అవతల. ఆయన బండి గేటు ముందు డిక్కీ తలుపు ఎత్తి ఉంది. దాని ఎదురుగా ముక్కాలిపీట మీద కొలతలు కూర్చుని ఉన్నాడు. చేతిలో గడియారం. తలుపు అంచు ఎంత ఎత్తులో ఉందో పక్క గోడ మీద చిన్న టేపు ముక్క అంటించి గుర్తు పెట్టుకున్నాడు. సర్వేయరు వరండాలో పేపరు చదువుతూ నన్ను చూసి, “రండి రండి. మీవాడు రావడం ఇది నాలుగోసారి. గంటసేపు తలుపుని చూసి వెళ్తాడు. మా అల్లుడు కూడా నన్నిన్నిసార్లు చూడ్డానికి రాలేదు” అన్నాడు.

నేను నవ్వలేకపోయాను. “ఏం చేస్తున్నావిక్కడ?” అని కొలతల్ని అడిగాను.

అతను లేచి నిలబడ్డాడు. “ఇవి కూడా అవే రాడ్లు బావా. వదిన బండికి వేసినవే. ఆ బండి కాక ఇంకో తొమ్మిది బళ్ళకి తెప్పించాను నేను. ఇంకెవరి మీదైనా పడుతుందేమోనని అన్నీ తిరిగి చూస్తున్నాను. ఒక్కటీ దిగట్లేదు. గంట చూసినా వెంట్రుకవాసి దిగట్లేదు. ఎందుకు దిగట్లేదో అర్థం కావట్లేదు. ఆ తొమ్మిదిలో ఒకటి బడి బండి, దాని డిక్కీలో పిల్లలు ఎక్కి కూర్చుంటారు బావా.” దగ్గరగా చూస్తే కళ్ళ కింద గుంటలు పడ్డాయి. నలభై మూడు రోజులు నేను అతని మొహం సరిగ్గా చూడనే లేదు.

గుడ్డ విప్పి రాడ్డు చేతిలో పెట్టాను. “నేను కొత్త కడ్డీకి ప్లయరు కరిపించాను. నా ప్లయరే. నీ రాడ్లలో ఏ లోపమూ లేదు. నీ లెక్కలోనూ లేదు” అన్నాను.

అతను గాట్ల మీద వేలు పెట్టాడు. విరిగిన పన్ను దగ్గర వేలు ఆగింది.

“అయితే మిగతా తొమ్మిదీ బాగున్నట్టేనా?” అన్నాడు.

“బాగున్నట్టే.”

“బడి బండి కూడానా?”

“బడి బండి కూడా.”

పీట మీద కూలబడ్డాడు. రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. నన్ను తిడతాడని ఎదురుచూశాను. అతను గట్టిగా ఊపిరి పీల్చి వదులుతున్నాడు, అంతే. సర్వేయరు పేపరు దించి చూసి మళ్ళీ పైకెత్తుకున్నాడు.

“ఆస్పత్రిలో నేనన్న మాట తప్పు. అక్కకి చెప్పాను, మీ అక్కకీ చెబుతాను, షెడ్డుకొచ్చే ప్రతివాడికీ చెబుతాను. ఆ గోడౌను వద్దు. రేపు షెడ్డుకి రా” అన్నాను.

“రాను బావా.”

“కోపం ఉంటే నాలుగు తిట్టు. పడతాను.”

“కోపం కాదు.” మొహం మీంచి చేతులు తీశాడు. “మూడుసార్లు తూచాను. లెక్క సరిగ్గా ఉందని నాకు తెలుసు. అంత తెలిసి కూడా మీరు ఒక్క మాట అనగానే నేనే తప్పని నమ్మేశాను. వదిన చెయ్యి నేనే తీశానని నమ్మి, నలభై రోజులు జనం ఇళ్ళ చుట్టూ తిరిగాను. మీరు అన్నందుకు కాదు బావా, నేను నమ్మినందుకు భయమేస్తోంది. మీ పక్కనుంటే మళ్ళీ నమ్ముతాను.”

చేతిలోని గుడ్డని మడతపెట్టుకున్నాను.

అతను లేచి గోడ మీది టేపు ముక్క ఒలిచేశాడు. డిక్కీ తలుపుని రెండు చేతులతో పట్టుకుని, చప్పుడు కాకుండా కిందికి దించి మూశాడు. రాడ్డు తిరిగి నా చేతిలో పెట్టి, వరండా వైపు తిరిగి, “మీ బండి బాగానే ఉందండీ. నేనింక రాను” అన్నాడు.